నీలి యాంఫిబోల్‌ను గుర్తించి పేరు పెట్టడం ఎలా? ‘క్రాసైట్’ అన్న పాత పేరును ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

నలుపుకు దగ్గరపడే ముదురు నీలం, సన్నగా పొడవుగా సాగిన స్ఫటికాలు, గాజు మెరుపు. యాంఫిబోల్ అనే ఖనిజ కుటుంబానికి చెందిన ఇలాంటి రాతిముక్క పక్కన పాత లేబుల్ మీద ‘క్రాసైట్’ అని ఉంటే దాన్ని అలాగే నమ్మాలా, మార్చాలా? ఈ మార్గదర్శి ఆ ప్రశ్నకు జవాబు చెబుతుంది. రాయిని చేతిలోకి తీసుకున్న దగ్గర్నుంచి రసాయన విశ్లేషణ లెక్క తేలేదాకా ఒక్కో అంచెలో ఏం చెయ్యాలో, ఎక్కడ పొరపాటు జరుగుతుందో వరసగా చూద్దాం.

ముందు కాస్త నేపథ్యం. క్రాసైట్ అన్న పేరును 1894లో చార్లెస్ పలాష్ పెట్టాడు. కాలిఫోర్నియాలోని బర్కిలీ దగ్గర దొరికిన నీలి యాంఫిబోల్‌కు అమెరికా భూవిజ్ఞాన సర్వేలో పనిచేసిన చార్లెస్ విట్‌మన్ క్రాస్ పేరు ఇచ్చాడు. అగ్నిశిలల లెక్కల్లో ఇప్పటికీ వాడే సి.ఐ.పి.డబ్ల్యు. పద్ధతిలో మొదటి అక్షరం ఈ క్రాస్‌దే. ఈ ఖనిజం రెండు కొసల మధ్యన ఉంటుంది. ఒక కొసన గ్లాకోఫేన్: సోడియం 2, మెగ్నీషియం 3, అల్యూమినియం 2, సిలికాన్ 8, ఆక్సిజన్ 22, హైడ్రాక్సిల్ 2. రెండో కొసన రీబెకైట్: అందులో మెగ్నీషియం స్థానంలో ఫెర్రస్ ఇనుము (ధనావేశం 2), అల్యూమినియం స్థానంలో ఫెర్రిక్ ఇనుము (ధనావేశం 3). ఈ రెండు మార్పిడులూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరగొచ్చు కాబట్టి ఫెర్రో-గ్లాకోఫేన్, మాగ్నీసియో-రీబెకైట్ అని మరో రెండు కొసలు కూడా ఉన్నాయి. నాలుగు మూలల గడిలో నడిమి పట్టీని పూర్వం క్రాసైట్ అనేవారు. 1997లో అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం యాంఫిబోల్ పేర్లను సవరించినప్పుడు ఆ పట్టీని తీసేసింది. అంటే క్రాసైట్ ఇప్పుడు ఖనిజ జాతి పేరు కాదు.

పేరు పోయినా ఖనిజం పోలేదు, దాని గురించి రాసిన వందేళ్ల సాహిత్యమూ పోలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

పని మొదలుపెట్టేముందు ఒక నియమం పెట్టుకోండి: చేతిలో ఎంత రుజువు ఉంటే పేరు అంతవరకే వెళ్లాలి. భూతద్దంతో చూసి ‘సోడియం యాంఫిబోల్ కావచ్చు’ అనొచ్చు. సూక్ష్మదర్శినితో ‘గ్లాకోఫేన్ వైపు’, ‘రీబెకైట్ వైపు’ అనొచ్చు. జాతి పేరు రాయాలంటే విశ్లేషణ కావాలి. రంగును చూసి జాతి పేరు రాయడం ఈ ఖనిజాల విషయంలో అతి మామూలు తప్పు.

మొదట జాగ్రత్త: పీచులా ఉంటే ముట్టుకోకండి

రీబెకైట్ పీచు రూపాన్ని క్రోసిడోలైట్ అంటారు. అదే నీలి ఆస్బెస్టాస్. దక్షిణాఫ్రికాలోని ఉత్తర కేప్ ప్రాంతపు గనుల పరిసరాల్లో మీసోథీలియోమా అనే క్యాన్సర్ కేసుల గురించి 1960లో వెలువడిన పరిశోధనతోనే ఆస్బెస్టాస్‌కూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం గట్టిగా బయటపడింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని విట్టెనూమ్‌లో నీలి ఆస్బెస్టాస్ గని 1966లో మూతపడింది. ఆ దుష్ఫలితాలు ఆ తర్వాత దశాబ్దాలపాటు బయటపడుతూనే ఉన్నాయి.

కాబట్టి రాయిని కొట్టేముందే పదిరెట్ల భూతద్దంతో చూడండి. స్ఫటికాలు బిరుసుగా, సూదుల్లా, కడ్డీల్లా విరిగితే మామూలు జాగ్రత్త సరిపోతుంది. పట్టుదారంలా మెరుస్తూ, కుచ్చులుగా విడిపోతూ, పగుళ్లలో అడ్డంగా పేర్చినట్టు ఉంటే దాన్ని గీకొద్దు, సూదితో పొడవొద్దు, నోటితో ఊదొద్దు. నీళ్లతో తడిపి, జిప్ ఉన్న మందపాటి సంచిలో పెట్టి, దానిపైన ఇంకో సంచి వేసి, పైన ‘పీచు రూపం, తెరవొద్దు’ అని రాయండి. ఆరోగ్య రంగంలో లెక్కపెట్టే పీచు అంటే 5 మైక్రాన్లకు మించిన పొడవు, 3 మైక్రాన్ల లోపు వెడల్పు, పొడవు వెడల్పుకు కనీసం మూడు రెట్లు. ఆ పరిమాణం కంటికి కనిపించేది కాదు. కనుక కనిపించే దుమ్ము లేదు కదా అని ధైర్యపడకూడదు.

పీచు కాని రాళ్లను కోసేటప్పుడు కూడా ఎప్పుడూ నీళ్లు పోస్తూనే కోయండి. ఎఫ్.ఎఫ్.పి.3 స్థాయి మాస్కు పెట్టుకోండి. పని అయ్యాక మిగిలిన బురదను ఆరనివ్వకుండా తడిగుడ్డతో తుడిచెయ్యండి. ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది ఈ చివరి పనినే. కోత తడిగానే సాగుతుంది, ఆరిన బురద మాత్రం మర్నాడు గాలిలోకి లేస్తుంది.

ఏ రాతిలో ఉందో ముందు రాసుకోండి

ఖనిజాన్ని చూసేకన్నా ముందు దాన్ని పట్టుకుని ఉన్న రాయిని చూడాలి. సగం జవాబు అక్కడే ఉంటుంది.

రూపాంతరం చెందిన బసాల్ట్‌లో లాసొనైట్, ఎపిడోట్, గార్నెట్, తెల్ల అభ్రకం పక్కన నీలి యాంఫిబోల్ ఉంటే అది బ్లూషిస్ట్. సముద్రపు పలక లోపలికి దిగేచోట, సుమారు 200 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ మధ్య, లోతుతో పోలిస్తే చాలా తక్కువ వేడిలో, ఎక్కువ పీడనంలో ఇది పుడుతుంది. గ్రీస్‌లోని సిరోస్ దీవి, కాలిఫోర్నియాలోని ఫ్రాన్సిస్కన్ శిలలు, ఫ్రాన్స్‌లోని గ్రువా దీవి, జపాన్‌లోని సాన్‌బగావా పట్టీ, లడఖ్‌లోని షెర్గోల్ ఇందుకు పేరున్న చోట్లు. బసాల్ట్‌లో అల్యూమినియం పుష్కలం కనుక ఇక్కడి యాంఫిబోల్ సాధారణంగా గ్లాకోఫేన్ వైపు మొగ్గుతుంది.

అదే చోట, పక్కనే ఉన్న పలుగురాతి పొరలో ఎర్రని హెమటైట్‌తోపాటు నీలి గింజలు ఉంటే లెక్క మారుతుంది. అక్కడ అల్యూమినియం తక్కువ, ఆక్సీకరణ ఎక్కువ. ఫెర్రిక్ ఇనుము ఆ ఖాళీని నింపుతుంది. పూర్వం క్రాసైట్ అన్నవాటిలో చాలా భాగం, మాగ్నీసియో-రీబెకైట్ కూడా, ఇలాంటి పొరల్లోనే దొరుకుతాయి. చారల ఇనుపరాళ్లలో ఉంటే రీబెకైట్, క్రోసిడోలైట్ అవకాశాలు ఎక్కువ. క్షార గ్రానైట్‌లో అయితే రీబెకైట్ లేదా ఆర్ఫ్వెడ్‌సొనైట్ అనుకోవాలి. కర్లింగ్ ఆటలో జార్చే రాళ్లకు పేరుపడ్డ ఐల్సా క్రెయిగ్ దీవి గ్రానైట్‌లోని నీలిమచ్చలు ఈ తరహావే. లిథియం ఉన్న పెగ్మటైట్‌ను (పెద్ద స్ఫటికాల అగ్నిశిల) ఆనుకుని ఉన్న రాతిలో ఊదా నీలం యాంఫిబోల్ కనిపిస్తే హోమ్‌క్విస్టైట్‌ను అనుమానించండి. అది లిథియం యాంఫిబోల్, స్వీడన్‌లోని ఊటో దీవిలో గుర్తించిన ఖనిజం.

శిల రకం ఎందుకింత ముఖ్యమంటే, గ్లాకోఫేన్ కనిపిస్తే ఎక్కువ పీడనం అని చెప్పొచ్చు. ఫెర్రిక్ ఇనుము ఎక్కువున్న నీలి యాంఫిబోల్ మాత్రం తక్కువ పీడనంలో కూడా నిలబడుతుంది. ఇనుపరాళ్లలో నీలం కనిపించగానే పలక కిందికి దిగిన చోటు అని రాసేస్తే భూగర్భ చరిత్రే తప్పుతుంది.

చేతిలో చూడగలిగేవి

బ్లూషిస్ట్ పేరు విని ఆకాశనీలం ఊహించుకుంటే నిరాశే. పొడిగా ఉన్నప్పుడు బూడిదరంగు రాయిలా ఉంటుంది. తడిపి, నేరుగా ఎండలో కాకుండా నీడలో చూస్తే నీలం తేలుతుంది.

మొదట పగుళ్లు చూడండి. యాంఫిబోల్‌కు రెండు విదళన తలాలు (ఖనిజం నున్నగా చీలే తలాలు) ఉంటాయి, వాటి మధ్య కోణం సుమారు 56, 124 డిగ్రీలు. అడ్డంగా విరిగిన కొసలో పొడవాటి వజ్రాకారం కనబడుతుంది. పైరాక్సీన్ అయితే ఆ కోణం 90కి దగ్గరగా, చతురస్రంలా ఉంటుంది. కాఠిన్యం గ్లాకోఫేన్‌కు 6 చుట్టూ, రీబెకైట్‌కు 5 నుంచి 5.5. గీత రంగు బూడిద కలిసిన నీలం.

సాంద్రత కొలవాలంటే విడి స్ఫటికం కావాలి. గాలిలో 12.40 గ్రాములు, నీళ్లలో వేలాడదీస్తే 8.45 గ్రాములు తూగితే తేడా 3.95. 12.40ని 3.95తో భాగిస్తే 3.14. ఇది గ్లాకోఫేన్ వైపు అంకె. రీబెకైట్ కొసన 3.3 దాటుతుంది. మొత్తం రాతిముక్కను తూచి ఈ లెక్క వెయ్యకండి: గార్నెట్ ఉంటే అంకె పైకి, క్వార్ట్జ్ ఉంటే కిందికి పోతుంది, యాంఫిబోల్ గురించి ఏమీ తెలియదు.

పోలికతో మోసం చేసేవి కొన్ని ఉన్నాయి. టూర్మలిన్‌కు విదళనం ఉండదు, అడ్డకోత గుండ్రని అంచుల త్రిభుజంలా ఉంటుంది. కయనైట్ పలకల్లా ఉంటుంది, పొడవునా గీస్తే 4.5 నుంచి 5, అడ్డంగా గీస్తే 6.5 నుంచి 7 కాఠిన్యం చూపిస్తుంది. డ్యూమోర్టిరైట్ నీలిపీచులా కనిపించినా 7కు తగ్గదు. అజురైట్ ఆమ్లం తగిలితే నురగ కడుతుంది. ఆర్ఫ్వెడ్‌సొనైట్‌ను మాత్రం చేతిలో చూసి రీబెకైట్ నుంచి వేరు చెయ్యడం కుదరదు, ప్రయత్నించకండి.

సూక్ష్మదర్శిని కింద: అసలు పని ఇక్కడ

30 మైక్రాన్ల మందం ఉన్న థిన్ సెక్షన్ (గాజు పలకకు అతికించి అరగదీసిన పలుచని రాతి పొర) కావాలి. కొలత తప్పి 40 దాటితే ముదురు గింజలు నల్లగా మూసుకుపోతాయి, రంగుల తేడా పట్టుకోలేరు. పక్కనున్న క్వార్ట్జ్ గింజ క్రాస్డ్ పోలార్స్‌లో (కింది పోలరైజర్‌కు అడ్డంగా ఎనలైజర్ అనే పై పోలరైజర్ పెట్టి చూసినప్పుడు) బూడిద తెలుపును దాటి పసుపుకు తిరిగిందంటే సెక్షన్ మందంగా ఉంది. మళ్లీ అరగదీయించండి.

మొదట మీ మైక్రోస్కోప్‌లో కింది పోలరైజర్ కంపన దిశ తెలుసుకోవాలి. బయోటైట్ గింజ తీసుకుని తిప్పండి. విదళన గీతలు ఏ దిశలో ఉన్నప్పుడు అది అన్నిటికన్నా ముదురుగా కనిపిస్తుందో అదే పోలరైజర్ దిశ. ఈ చిన్న పని వదిలేసి మిగతాదంతా తలకిందులుగా రాసిన నివేదికలు తక్కువేం కాదు.

ఇప్పుడు ఎనలైజర్ తీసేసి నీలి గింజను తిప్పండి. పొడవు పోలరైజర్ దిశకు సమాంతరంగా ఉన్నప్పుడు నీలం, అడ్డంగా తిప్పితే లేత పసుపు లేదా లావెండర్ ఊదా. గ్లాకోఫేన్‌లోనూ, పాత క్రాసైట్‌లోనూ, రీబెకైట్‌లోనూ పొడవు దిశలోనే నీలం వస్తుంది. కారణం స్ఫటిక నిర్మాణంలో ఉంది: ఇనుము ఉండే పట్టీలు పొడవు దిశలోనే సాగుతాయి, పక్కపక్కనున్న ఫెర్రస్, ఫెర్రిక్ అయాన్ల మధ్య ఎలక్ట్రాన్ గెంతడంతో ఆ దిశలో కంపించే వెలుతురు మింగుడుపడుతుంది. టూర్మలిన్ దీనికి సరిగ్గా వ్యతిరేకం, పొడవు పోలరైజర్‌కు అడ్డంగా ఉన్నప్పుడు ముదురుగా ఉంటుంది. ఈ ఒక్క పరీక్షతో టూర్మలిన్ తేలిపోతుంది.

నీలం అన్నిటిలోనూ ఒకే దిశలో ఉంటే మరి వాటిని వేరు చేసేదేమిటి? ఆ నీలి దిశ నెమ్మది కిరణానిదా, వేగ కిరణానిదా, మధ్యదా అన్నది. వేగ కిరణం కంపించే దిశను ఎక్స్, నెమ్మది కిరణానిదాన్ని జెడ్, మధ్యదాన్ని వై అంటారు. గ్లాకోఫేన్‌లో పొడవు దిశ జెడ్‌కు దగ్గర, అంటే నెమ్మది. రీబెకైట్‌లో ఎక్స్‌కు దగ్గర, అంటే వేగం. నడిమి రకంలో వై పొడవు దిశకు దగ్గరపడుతుంది. దీన్ని పట్టుకునే పద్ధతి ఇది:

1. పొడవుగా ఉన్న గింజల్ని కనీసం పది ఎంచుకోండి. అంచులు పలచబడ్డవైతే మేలు, ఎందుకంటే గింజ సొంత రంగు వ్యతికరణ రంగును కప్పేస్తుంది.
2. ఎనలైజర్ లేకుండా ప్రతి గింజకూ అడ్డదిశ రంగు రాసుకోండి: పసుపా, ఊదానా?
3. క్రాస్డ్ పోలార్స్‌లో గింజ పొడవును ప్లేటు నెమ్మది దిశకు సమాంతరంగా పెట్టి, మొదటి శ్రేణి ఎరుపు ప్లేటు తొయ్యండి. రంగు పై శ్రేణికి ఎక్కితే పొడవు నెమ్మది, కిందికి దిగితే పొడవు వేగం.
4. రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టండి.

అడ్డంగా ఊదా కనిపించిన గింజలే తీర్పు చెప్పేవి. అవి పొడవు నెమ్మది చూపిస్తే గ్లాకోఫేన్ తరహా. పొడవు వేగం చూపిస్తే, అదే సెక్షన్‌లో అడ్డంగా పసుపు కనిపించిన గింజలు పొడవు నెమ్మది చూపిస్తే, నడిమి రకం. ఒకే సెక్షన్‌లో రెండు గుర్తులూ రావడం చూసి కొలత తప్పిందనుకునేవాళ్లు ఉంటారు. తప్పు కాదు, వై పొడవు దిశలో ఉంటే అలాగే రావాలి. అన్ని గింజలూ పొడవు వేగమే చూపిస్తూ, అడ్డంగా పసుపు ఆకుపచ్చ కనబడితే రీబెకైట్ వైపు వెళ్లాలి. రీబెకైట్‌లో ఇంకో ఇబ్బంది, ఎక్కడా పూర్తిగా ఆరిపోదు. ఆరాల్సిన చోట మసక నీలమో గోధుమో మిగులుతుంది. బల్బు చెడిందనో సెక్షన్ పాడైందనో అనుకోకండి.

గ్లాకోఫేన్ నుంచి నడిమి రకానికి మారేచోట వై, జెడ్ దిశల వక్రీభవన గుణకాలు సమానమవుతాయి, 2వి కోణం (రెండు ప్రకాశ అక్షాల మధ్య కోణం) సున్నాకు జారుతుంది. కోనోస్కోప్‌లో దాదాపు ఏకాక్ష పటం, రుణ గుర్తు కనిపిస్తే మీరు ఆ మలుపు దగ్గరే ఉన్నారన్నమాట. అయితే ఈ ప్రకాశ మలుపు రసాయన సరిహద్దుతో సరిగ్గా కలవదు. అందుకే సూక్ష్మదర్శినితో ఆగిపోతే ‘సోడియం యాంఫిబోల్, నడిమి ప్రకాశ లక్షణాలు’ అని రాయడం నిజాయతీ.

ఒక గింజలోనే మండలాలు ఉన్నాయేమో తప్పక చూడండి. నడుమ లేత ఊదా, అంచున ముదురు నీలం ఉంటే ఫెర్రిక్ ఇనుము అంచువైపు పెరిగింది. అంచు నీలి ఆకుపచ్చకు తిరిగితే అది బారొయిసైట్ లాంటి సోడియం-కాల్షియం యాంఫిబోల్ కావచ్చు, వేడి పెరిగిందని చెప్పే ఆధారం. ఫొటో తీసి మండలాలకు అంకెలు వేసుకోండి. విశ్లేషణకు వెళ్లేటప్పుడు ఈ పటమే దారి చూపిస్తుంది.

మైక్రోప్రోబ్ మీద కొలత

ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్‌కు (ఎలక్ట్రాన్ ధారతో చిన్న మచ్చ రసాయన కూర్పును కొలిచే యంత్రం) 15 కిలోవోల్టులు, 10 నుంచి 20 నానోయాంపియర్ల ధార మామూలు అమరిక. ధార మచ్చ వెడల్పు 5 మైక్రాన్లకు దగ్గరగా ఉంచండి. మరీ బిందువులా కుదిస్తే ఆ వేడికి సోడియం పక్కకు జరిగిపోతుంది. అన్ని మూలకాలకన్నా ముందు సోడియంనే కొలవాలి, తక్కువ సమయంలో. అనుమానం ఉంటే ఒకే మచ్చ మీద వరసగా కొన్నిసార్లు సోడియం లెక్క తీసుకోండి. ప్రతిసారీ తగ్గుతుంటే మచ్చ పెంచండి, ధార తగ్గించండి.

సిలికా, టైటానియా, అల్యూమినా, ఇనుము, మాంగనీసు, మెగ్నీషియా, కాల్షియం, సోడియం, పొటాషియం తప్పనిసరి. క్షార గ్రానైట్ నమూనాకు ఫ్లోరిన్ కూడా. మండలానికి కనీసం ఐదు మచ్చలు. యాంఫిబోల్‌లో 2 శాతం చుట్టూ నీరు ఉంటుంది, అది ప్రోబ్‌కు కనబడదు. అందుకే మొత్తం 97, 98 మధ్య రావాలి. 100 వచ్చిందంటే సంబరపడకండి, అది ప్రమాణీకరణ తప్పనో వేరే ఖనిజమనో చెప్పే గుర్తు. లిథియం కూడా ప్రోబ్‌కు కనబడదు. సోడియం బాగా తగ్గి, పెగ్మటైట్ పక్కన దొరికిన నమూనా అయితే లేజర్ అబ్లేషన్ ఐసీపీ-ఎంఎస్‌తో లిథియం చూడాలి.

లెక్క: ఒక ఉదాహరణతో

ప్రోబ్ ఇనుమంతటినీ ఫెర్రస్‌గానే చూపిస్తుంది. ఫెర్రిక్ ఎంతో లెక్కతో రాబట్టాలి. ఈ విశ్లేషణను తీసుకుందాం, బరువు శాతాల్లో: సిలికా 55.70, అల్యూమినా 6.88, ఫెర్రస్ ఆక్సైడ్ 18.13, మెగ్నీషియా 8.51, కాల్షియం ఆక్సైడ్ 1.32, సోడియం ఆక్సైడ్ 6.55. మొత్తం 97.09.

1. ప్రతి ఆక్సైడ్‌నూ దాని అణుభారంతో భాగించి, లోహ పరమాణువుల సంఖ్య తియ్యండి. సిలికాన్ 0.9271, అల్యూమినియం 0.1350, ఇనుము 0.2524, మెగ్నీషియం 0.2112, కాల్షియం 0.0235, సోడియం 0.2114. అల్యూమినాకు, సోడియం ఆక్సైడ్‌కు రెండేసి లోహ పరమాణువులని మరవద్దు.
2. కాల్షియం, సోడియం, పొటాషియం తప్ప మిగతావి కూడండి: 1.5257. యాంఫిబోల్ స్ఫటికంలో ఈ పరమాణువులు కూర్చునే చోట్లను టి (8), సి (5), బి (2), ఎ (1) స్థానాలంటారు. ఈ మొత్తం టి, సి కలిపి 13 కావాలి కనుక గుణకం 8.521.
3. ఆ గుణకంతో అన్నిటినీ గుణిస్తే సిలికాన్ 7.90, అల్యూమినియం 1.15, ఇనుము 2.15, మెగ్నీషియం 1.80, కాల్షియం 0.20, సోడియం 1.80.
4. ఇనుమంతా ఫెర్రస్ అనుకుని ధనావేశాలు కూడండి: 45.15. ఆక్సిజన్ 23కు కావలసింది 46. లోటు 0.85. అదే ఫెర్రిక్ ఇనుము. మిగిలిన 1.30 ఫెర్రస్.
5. టి స్థానంలో సిలికాన్ 8కి 0.10 తక్కువ, దాన్ని అల్యూమినియం పూరిస్తుంది. మిగిలిన అల్యూమినియం 1.05 సి స్థానానికి. అక్కడ 1.05, 0.85, 1.80, 1.30 కలిపితే సరిగ్గా 5.
6. బి స్థానంలో కాల్షియం 0.20, సోడియం 1.80, మొత్తం 2. ఎ స్థానం ఖాళీ.

బి స్థానంలో సోడియం 1.5 దాటింది కనుక ఇది సోడియం యాంఫిబోల్. 0.5కు, 1.5కు మధ్య ఉంటే సోడియం-కాల్షియం వర్గంలోకి పోయేది. ఎ స్థానంలో సోడియం, పొటాషియం కలిపి 0.5 దాటితే ఆర్ఫ్వెడ్‌సొనైట్, ఎకర్మనైట్ వైపు వెళ్లేది. ఇప్పుడు రెండు నిష్పత్తులు. ఫెర్రిక్ ఇనుమును, ఫెర్రిక్ ఇనుము, సి స్థానపు అల్యూమినియం మొత్తంతో భాగిస్తే 0.45. మెగ్నీషియంను, మెగ్నీషియం, ఫెర్రస్ ఇనుము మొత్తంతో భాగిస్తే 0.58. మొదటిది 0.5 లోపు, రెండోది 0.5 పైన. ఇప్పటి పేరు గ్లాకోఫేన్.

ఇదే నమూనాను అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘపు 1978 నాటి వర్గీకరణలో పెడితే పేరు క్రాసైట్. అప్పట్లో మొదటి నిష్పత్తి 0.3 నుంచి 0.7 దాకా ఉంటే ఆ పేరే పెట్టేవారు.

లెక్క ఎక్కడ జారుతుందో కూడా ఇదే విశ్లేషణ చెబుతుంది. ఇనుమంతా ఫెర్రస్ అనుకుని నేరుగా 23 ఆక్సిజన్లకు లెక్కిస్తే సిలికాన్ 8.05 వస్తుంది. టి స్థానంలో 8కి మించి పట్టదు. అంటే ఫెర్రిక్ ఇనుము తప్పక ఉందన్నమాట. ఆ దారిలో వచ్చిన సూత్రాన్ని పక్కన పెట్టండి. ఇంకో సంగతి, సోడియంలో 10 శాతం పోయిందనుకోండి. సోడియం 1.62 అవుతుంది, ఆవేశాల లోటు పెరిగి ఫెర్రిక్ ఇనుము 1.03కు ఎక్కుతుంది, నిష్పత్తి 0.50 దగ్గర నిలుస్తుంది. ఖనిజంలో ఏ మార్పూ లేకుండానే పేరు సరిహద్దుకు చేరింది. బి స్థానంలో 2కు బదులు 1.82 మాత్రమే ఉండటం ఈ తప్పును పట్టిస్తుంది. సిలికా ఒక శాతం ఎక్కువ చదివితే మాత్రం నిష్పత్తి 0.43 అవుతుంది, అంత హాని లేదు. అందుకే మన భయమంతా సోడియం గురించే ఉండాలి.

నిష్పత్తి 0.45, 0.55 మధ్య పడితే లెక్కతో వచ్చిన ఫెర్రిక్ ఇనుమును గట్టిగా నమ్మొద్దు. మోస్‌బావర్ పద్ధతితో నేరుగా కొలిపించాలి. అది కుదరకపోతే రెండు పేర్లనూ గీతతో కలిపి రాయడమే నయం. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ యాంఫిబోల్ అని తేలుస్తుందే గాని ఈ సరిహద్దు వివాదాన్ని తీర్చదు.

పాత రచనల్లో క్రాసైట్ కనిపిస్తే

రచన ఏ ఏడాదిదో మొదట చూడండి. 1978కి ముందు ఈ పేరును ప్రకాశ లక్షణాలను బట్టీ, రసాయనాన్ని బట్టీ కూడా పెట్టారు. పొడవు దిశలో వై ఉందని పెట్టినవి అందులో చాలా ఉంటాయి. 1978 నుంచి 1997 దాకా వచ్చినవాటిలో 0.3, 0.7 హద్దులు వర్తిస్తాయి. 1997 తర్వాత కూడా వాడారంటే రచయిత ఏ అర్థంలో వాడాడో నిర్వచించాలి, నిర్వచించకపోతే అది లోపమే. 2012 సవరణ ఆ పేరును తిరిగి తేలేదు. ఉపసర్గకూ పేరుకూ మధ్య అడ్డగీత పెట్టి రాసే పద్ధతి కూడా ఆ సవరణదే.

పేరుకు పేరు మార్చేద్దామనుకుంటే అది కుదరదు. పాత పట్టీ నాలుగు మూలల గడి నడుమ అడ్డంగా పరుచుకుంది కనుక ఒక పాత క్రాసైట్ ఇప్పుడు గ్లాకోఫేన్, ఫెర్రో-గ్లాకోఫేన్, మాగ్నీసియో-రీబెకైట్, రీబెకైట్, ఈ నాలుగింటిలో ఏదైనా కావొచ్చు. రచనలో విశ్లేషణ పట్టిక ఉంటే పై లెక్క మీరే మళ్లీ వెయ్యండి. తడి రసాయన పద్ధతిలో చేసిన పాత విశ్లేషణల్లో ఫెర్రస్, ఫెర్రిక్ వేరువేరుగా కొలిచి ఉంటారు, ఆ విషయంలో అవి ప్రోబ్ కన్నా మెరుగు. కాకపోతే అవి గుట్టగా ఏరిన గింజల సగటు, మండలాలన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. పట్టిక లేకపోతే పేరును కొటేషన్ గుర్తుల్లో అలాగే ఉంచండి.

ఇంకొక వాడుక ఉంది, అది కొత్తవాళ్లను బాగా తికమక పెడుతుంది. 1977లో ఇ.హెచ్. బ్రౌన్ కాల్షియం యాంఫిబోల్‌లోని క్రాసైట్ అంశాన్ని పీడనానికి సూచికగా ప్రతిపాదించాడు. ఆల్బైట్, క్లోరైట్, ఎపిడోట్, ఇనుప ఆక్సైడ్ కలిసి ఉన్న రాళ్లలో ఆక్టినోలైట్ బి స్థానంలోకి సోడియం ఎంత చేరితే పీడనం అంత ఎక్కువన్నది దాని సారం. అక్కడ క్రాసైట్ అంటే రాతిలో కనిపించే గింజ కాదు, ఆక్టినోలైట్ కూర్పులో ఒక భాగం. ఆ రచనల్ని ఉటంకించి ‘ఈ రాతిలో క్రాసైట్ ఉంది’ అని రాస్తే అర్థమే మారిపోతుంది.

లేబుల్, నివేదిక

పాత లేబుల్‌ను చింపెయ్యకండి, గీత కొట్టకండి. దొరికిన చోటు, సేకరించిన సంవత్సరం చాలాసార్లు దానిమీద తప్ప ఇంకెక్కడా ఉండవు. కొత్త లేబుల్ పక్కన చేర్చండి. విశ్లేషణ లేనప్పుడు: ‘సోడియం యాంఫిబోల్, పాత లేబుల్ ప్రకారం క్రాసైట్, విశ్లేషించలేదు.’ విశ్లేషణ ఉన్నప్పుడు పేరు, ఏ సంవత్సరపు వర్గీకరణ, ఫెర్రిక్ ఇనుమును ఏ పద్ధతిలో లెక్కించారు, రెండు నిష్పత్తులు, ఎన్ని మచ్చలు, గింజలో ఏ మండలం అన్న వివరాలు ఉండాలి. మన ఉదాహరణకైతే: ‘గ్లాకోఫేన్, 2012 వర్గీకరణ, 13 కాటయాన్ల పద్ధతి, నిష్పత్తులు 0.45, 0.58, 1978 వర్గీకరణలో క్రాసైట్.’ నమూనా పీచు రూపమైతే ఆ సంగతి పేరుకన్నా పైన, పెద్ద అక్షరాలతో, డబ్బా మూత మీద కూడా రాయాలి.